లివింగ్‌స్టన్ హాల్ రూమ్మేట్

మా సీనియర్ల గ్రూపులో ఈ మధ్య రోజూ ఒకటే గోల. స్లాట్ దొరికిందా, లోన్ శాంక్షన్ అయిందా, రూమ్మేట్స్ తెలుగువాళ్లేనా, వంట ఎవరికి వచ్చు. ఆ గోల మధ్యలో ఎవరో ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అని ఒక పీడీఎఫ్ పెట్టారు. నేను నిజంగా ఎఫ్-1 వీసా గురించే అనుకుని ఓపెన్ చేశా. తీరా చూస్తే అది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ తన జీవితంలోంచి రాసుకున్న కొన్ని జ్ఞాపకాలు. చాలా చిన్న పుస్తకం, ఒక బస్సు ప్రయాణంలో అయిపోతుంది. అందులో అమెరికా వీసా ఊసే లేదు. ఆయనకి అనుమతి దొరకనిది న్యూయార్క్‌లో కాదు, మన దేశంలోనే.

ఆయన గురించి మనకి తెలిసింది విగ్రహం, రాజ్యాంగం, ఏప్రిల్ 14 సెలవు. నాకైతే స్కూల్లో అంతకంటే ఎక్కువ చెప్పినట్టు గుర్తులేదు. ఆయన కూడా ఒకప్పుడు ట్రంకుపెట్టె సర్దుకుని పీజీ కోసం అమెరికా వెళ్లిన ఇరవై రెండేళ్ల కుర్రాడని నేనెప్పుడూ ఆలోచించలేదు. ఈ వ్యాసం ఎక్కువగా ఆ కుర్రాడి గురించే.

పుట్టింది 1891 ఏప్రిల్ 14న, ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని మహూ కంటోన్మెంట్‌లో. నాన్న రామ్‌జీ సక్‌పాల్ సైన్యంలో సుబేదార్. పద్నాలుగో సంతానం. చిన్నప్పుడే అమ్మ భీమాబాయి చనిపోయింది. వాళ్లది మహర్ కులం. సతారా స్కూల్లో మిగతా పిల్లలతో కలిసి కూర్చోనిచ్చేవాళ్లు కాదు. ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకుని దానిమీద విడిగా కూర్చోవాలి. దాహమేస్తే కుళాయి ముట్టుకోకూడదు, ప్యూన్ వచ్చి తిప్పాలి. ప్యూన్ రాని రోజు నీళ్లు లేనట్టే.

ఆ పుస్తకంలో మొదటి జ్ఞాపకం 1901 నాటిది. వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్న నాన్న దగ్గరికి పిల్లలు రైల్లో బయలుదేరారు. కొత్త బట్టలు, కొత్త టోపీలు. వస్తున్నామని రాసిన ఉత్తరం నాన్నకి అందలేదు, స్టేషన్‌కి ఎవరూ రాలేదు. వీళ్ల కులం తెలిశాక బండివాళ్లు ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు, కానీ బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడుస్తాడు. తెచ్చుకున్న అన్నం ఉంది, కానీ తాగడానికి నీళ్లిచ్చేవాళ్లు లేరు. రాత్రంతా అలాగే గడిచింది. అప్పటికి ఆయనకి పదేళ్లు కూడా సరిగ్గా నిండలేదు.

తర్వాత కుటుంబం బొంబాయి చేరింది. ఒక చాల్‌లో ఒకే గది. వంట అక్కడే, పడక అక్కడే, తిరగలి కూడా అక్కడే. కొడుకు చదువుకోవడానికి చోటు ఉండాలని నాన్న ముందు తను మేలుకుని ఉండి, తెల్లవారుజామున రెండింటికి కొడుకుని లేపి ఆ తర్వాత నిద్రపోయేవాడట. నైట్ షిఫ్ట్, డే షిఫ్ట్ లాగా. సంస్కృతం చదువుతానంటే కులం వల్ల కుదరదన్నారు, పర్షియన్ తీసుకున్నారు. 1907లో మెట్రిక్. బరోడా మహారాజా మూడో శాయాజీరావు గాయక్వాడ్ నెలకి 25 రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తే ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చేరి 1912లో బీఏ పూర్తిచేశారు. అప్పటికే రమాబాయితో పెళ్లయింది. ఆ ఏడాది చివర్లో కొడుకు యశ్వంత్ పుట్టాడు.

1913 జనవరిలో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. కొద్ది రోజులకే నాన్నకి బాగాలేదని టెలిగ్రామ్. తిరుగు ప్రయాణంలో సూరత్‌లో రైలు ఆగితే నాన్నకి మిఠాయి కొందామని దిగారు. ఈలోగా రైలు వెళ్లిపోయింది. ఇంటికి చేరేసరికి మరుసటి రోజయింది. నాన్న చివరి క్షణాల్లో ఉన్నాడు. ఫిబ్రవరి 2న పోయాడు. ఈ మిఠాయి సంగతి చదివాక నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా.

అదే ఏడాది బరోడా మహారాజా కొందరు విద్యార్థుల్ని అమెరికా పంపాలనుకున్నారు. అంబేడ్కర్‌కి కొలంబియా యూనివర్సిటీలో మూడేళ్లు చదువుకోవడానికి నెలకి పదకొండున్నర పౌన్ల స్కాలర్‌షిప్ వచ్చింది. షరతు ఏంటంటే చదువయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో పనిచెయ్యాలి. మన ప్లేస్‌మెంట్ల రెండేళ్ల సర్వీస్ బాండ్‌కి అది ముత్తాత అన్నమాట. జూన్‌లో సంతకం పెట్టారు, జులైలో న్యూయార్క్‌లో దిగారు.

మొదట హార్ట్‌లీ హాల్ అనే హాస్టల్లో దిగారు. అక్కడి తిండి పడలేదు. (ఈ ఒక్క విషయంలో నూట పదేళ్లలో ఏమీ మారలేదు.) అక్కడ్నుంచి భారతీయ విద్యార్థులు కొందరు ఉండే కాస్మోపాలిటన్ క్లబ్‌కి మారారు. ఆ తర్వాత లివింగ్‌స్టన్ హాల్. ఇప్పుడు దాని పేరు వాలక్ హాల్. అక్కడ రూమ్మేట్‌గా దొరికినవాడు నావల్ భథేనా, ఒక పార్సీ విద్యార్థి. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

లివింగ్‌స్టన్ హాల్లో ఆయనకి దొరికింది చాలా మామూలు విషయం: అందరితో కలిసి ఒకే బల్ల దగ్గర కూర్చుని తినడం, గ్లాసు ఎవరిదని అడక్కుండా నీళ్లు తాగడం, క్లాసులో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవడం. మనం హాస్టల్ మెస్‌లో రోజూ చేసే పనులే, మనం అసలు లెక్కలోకి తీసుకోని పనులు. ఆయనకి అవి ఇరవై రెండేళ్లకి, సముద్రాలు దాటాక గానీ దొరకలేదు. అమెరికా అంటే అందరికీ స్వర్గం అని నేననట్లేదు. కొలంబియా పక్కనే హార్లెం. నల్లవాళ్లకి ఆ దేశంలో ఏం జరుగుతోందో ఆయన కళ్లముందే ఉంది. చాలా ఏళ్ల తర్వాత, 1946లో, డబ్ల్యూ.ఈ.బి. డుబోయిస్‌కి ఉత్తరం రాసి, నల్లజాతివాళ్లు ఐక్యరాజ్యసమితికి పెడుతున్న అర్జీ గురించి అడిగారు కూడా.

ఇక చదువు. యూనివర్సిటీ రికార్డుల ప్రకారం ఆయన తీసుకున్న కోర్సులు ఇవి: ఎకనామిక్స్ 29, హిస్టరీ 11, సోషియాలజీ 6, ఫిలాసఫీ 5, ఆంత్రపాలజీ 4, పాలిటిక్స్ 3, ఫ్రెంచ్ ఒకటి, జర్మన్ ఒకటి. మొత్తం 60. ఎలెక్టివ్ ఎంచుకోమంటే ఏది ఈజీ అని సీనియర్లని అడిగే జాతి మనది. ఆయన మాత్రం లైబ్రరీ తెరిచేసరికి అక్కడ, మూసేసరికి కూడా అక్కడే. వచ్చే డబ్బులో కొంత ఇంటికి పంపాలి, కాబట్టి తిండి దగ్గర పిసినారితనం. పుస్తకాల దగ్గర మాత్రం చెయ్యి ఆగేది కాదు. న్యూయార్క్ పాత పుస్తకాల కొట్లలో దాదాపు రెండు వేల పుస్తకాలు కొన్నారు.

ప్రొఫెసర్ల విషయంలో అదృష్టవంతుడు. ఎకనామిక్స్‌లో ఎడ్విన్ సెలిగ్‌మన్, ఫిలాసఫీలో జాన్ డ్యూయీ, చరిత్రలో జేమ్స్ షాట్‌వెల్, జేమ్స్ హార్వే రాబిన్సన్. చాలా ఏళ్ల తర్వాత కొలంబియా పూర్వ విద్యార్థుల పత్రికకి రాస్తూ, తన జీవితంలో దొరికిన మంచి స్నేహితులు అక్కడి క్లాస్‌మేట్లు, ఈ నలుగురు గురువులే అన్నట్టు చెప్పుకున్నారు. ప్రొఫెసర్లని స్నేహితుల లిస్టులో వేసుకోవడం నాకు వింతగా అనిపించింది. తర్వాత అర్థమైంది, అప్పటిదాకా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకున్న టీచర్లు ఎంతమందని.

అప్పట్లో న్యూయార్క్‌లోనే లాలా లజపతిరాయ్ ఉన్నారు. లైబ్రరీలో ఈ కుర్రాడిని చూసి తమ ఉద్యమంలోకి రమ్మన్నారు. అంబేడ్కర్ రానన్నారు. మహారాజా డబ్బుతో చదువుకోవడానికి వచ్చాను, ముందు అది పూర్తి కావాలన్నది ఆయన జవాబు.

1915లో ఎంఏ. 1916 మే 9న ప్రొఫెసర్ గోల్డెన్‌వైజర్ ఆంత్రపాలజీ సెమినార్లో భారతదేశంలో కులాల పుట్టుక మీద ఒక పేపర్ చదివారు. సీఎస్ వాళ్లు ఇది తప్పకుండా చదవాలి, ఎందుకంటే ఆయన ఆలోచించే పద్ధతి మనకి బాగా పరిచయమైనదే. కులానికి అసలు లక్షణం ఏది అని అడిగి, మడి, తిండి, వృత్తి లాంటివన్నీ పక్కకి తీసి, మిగిలింది ఒక్కటే రూల్ అంటారు: పెళ్లి గుంపు లోపలే జరగాలి. ఆ రూల్ నిలబడాలంటే గుంపులో ఆడా మగా లెక్క ఎప్పుడూ సరిపోవాలి. భర్త పోతే ఒక స్త్రీ మిగులుతుంది, భార్య పోతే ఒక పురుషుడు మిగులుతాడు. ఆ మిగులుని గుంపు ఏం చేస్తుంది? సతీ, జీవితాంతం వితంతువుగా ఉంచడం, భార్య పోయిన మగవాడికి చిన్న పిల్లనిచ్చి పెళ్లి చెయ్యడం. ఈ ఆచారాలన్నీ ఆ లెక్క సరిచేసే ఉపాయాలే అని చూపిస్తారు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు. ఆ గదిలో ఆయన్ని అంటరానివాడిగా చూసేవాళ్లు ఎవరూ లేరు. ఆ సంగతి ప్రశాంతంగా, చల్లగా, ఒక థియరీ లాగా చెప్పగలిగింది అందుకే కావచ్చని నా అనుమానం.

అదే ఏడాది లండన్ వెళ్లి గ్రేస్ ఇన్‌లో బారిస్టర్ చదువుకి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో డిగ్రీకి చేరారు. ఏడాది తిరగకుండానే స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది, వెనక్కి రమ్మని బరోడా నుంచి కబురు. నాలుగేళ్లలోపు తిరిగొచ్చి పూర్తి చేసుకోవచ్చని యూనివర్సిటీ అనుమతిచ్చింది. 1917లో బయలుదేరారు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. సామాను వేరే ఓడలో వేశారు. ఆ ఓడ టార్పెడో దెబ్బకి మునిగిపోయింది. పుస్తకాలూ పోయాయి. ఒక్క బ్యాకప్ కూడా లేని కాలం.

ఇక్కడ్నుంచి రాయడం కొంచెం కష్టం.

బాండ్ ప్రకారం బరోడా వెళ్లారు. ఇంత చదివిన మనిషికి రైలు దిగగానే వచ్చిన సమస్య, ఎక్కడ ఉండాలి? హిందూ హోటళ్లలో రానివ్వరు. విదేశాల్లో గడిపిన ఏళ్లు తను అంటరానివాడినన్న స్పృహనే తన మనసులోంచి తుడిచేశాయని, బరోడా స్టేషన్‌లో అది మళ్లీ గుర్తొచ్చిందని ఆయన రాసుకున్నారు. చివరికి ఒక పార్సీ సత్రానికి వెళ్లారు. అది పార్సీలకి మాత్రమే. చూసుకునేవాడికి డబ్బు అవసరం, ఈయనకి గది అవసరం. రోజుకి రూపాయిన్నర, రిజిస్టర్లో ఒక పార్సీ పేరు. పైఅంతస్తులో ఒక్కరే. మాట్లాడే మనిషి లేడు, సరైన దీపం లేదు, పక్క హాలు నిండా విరిగిన బల్లలూ చెత్తా. రాత్రిళ్లు పుస్తకం పట్టుకుని కూర్చునేవారు. ఆఫీసులో ఇంకో రకం. ప్యూన్లు ఫైళ్లు చేతికి ఇవ్వకుండా దూరం నుంచి విసిరేవాళ్లు.

పదకొండో రోజు ఉదయం ఆఫీసుకి బయలుదేరుతుంటే పది పన్నెండు మంది పార్సీలు కర్రలతో మెట్లెక్కి వచ్చారు. ఎవరు నువ్వు అని అడిగారు. పార్సీ పేరు పెట్టుకుని తమ సత్రాన్ని మైలపరిచాడన్నది వాళ్ల కోపం. సాయంత్రంలోగా ఖాళీ చెయ్యాలన్నారు. ఊళ్లో తెలిసినవాళ్లు ఇద్దరున్నారు. ఒక హిందూ మిత్రుడు బాధపడ్డాడు గానీ, నువ్వొస్తే మా ఇంట్లో పనివాళ్లు వెళ్లిపోతారన్నాడు. ఇంకొకరు క్రైస్తవుడు, ఆయన మా ఆవిడ రేపొస్తుంది, అడిగి చెప్తానన్నాడు. ఆయన అడిగినా ఏం జవాబొస్తుందో అంబేడ్కర్‌కి తెలిసిపోయింది. రాత్రి తొమ్మిది గంటల బొంబాయి రైలు వేళదాకా ఊళ్లోని పార్కులో కూర్చున్నారు. న్యూయార్క్, లండన్ చూసొచ్చిన మనిషి పార్కు బెంచీ మీద.

నావల్ భథేనా కూడా పార్సీయేనని చెప్పాను కదా. కర్రలతో వచ్చినవాళ్లదీ, న్యూయార్క్‌లో గది పంచుకున్నవాడిదీ ఒకే మతం. ఆయన ఆ సత్రం వాళ్ల మీద కోపాన్ని స్నేహితుడి మీదికి మళ్లించలేదు. బొంబాయి వచ్చాక ఇద్దరి స్నేహం అలాగే ఉంది. ఇలాంటి చోట నేనైతే ఎలా ఉండేవాణ్ణో చెప్పలేను.

బొంబాయిలో పిల్లలకి ట్యూషన్లు చెప్పారు. షేర్ల మీద సలహాలిచ్చే చిన్న ఆఫీసు తెరిచారు. సలహా మంచిదే, కానీ సలహాదారు కులం తెలిశాక జనం రావడం మానేశారు. 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ఎకనామిక్స్ ప్రొఫెసర్‌గా ఉద్యోగం దొరికింది. విద్యార్థులు పాఠానికి ఎగబడేవాళ్లు. స్టాఫ్ రూమ్‌లో కుండలో నీళ్లు ఆయన తాగకూడదని కొందరు తోటి ప్రొఫెసర్లు అభ్యంతరం పెట్టారు. 1901లో బండి మీద నీళ్లు లేని రాత్రికీ దీనికీ మధ్య ఒక ఎంఏ, ఒక పీహెచ్‌డీ థీసిస్ ఉన్నాయి. నీళ్ల విషయం మాత్రం అక్కడే ఉంది.

వదిలేసిన డిగ్రీల గడువు ముంచుకొస్తోంది. జీతంలో దాచుకున్నది సరిపోదు. కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం చేశారు. నావల్ భథేనా 5,000 రూపాయలు అప్పిచ్చాడు. 1920లో ఐదు వేలంటే చిన్న మాట కాదు. ఆ ఏడాది జులైలో మళ్లీ లండన్.

ఈసారి లండన్‌లో గడిచింది కడుపు మాడ్చుకునే జీవితం. ఒక బోర్డింగ్ ఇంట్లో గది, ఇంకో భారతీయుడు రూమ్మేట్. పొద్దున్నే బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీకి వెళ్లి సాయంత్రం మూసేదాకా అక్కడే, మధ్యాహ్నం భోజనం లేకుండా. రాత్రి ఇంటావిడ పెట్టేది నాలుగు ముక్కల తిండి. పదింటికి మళ్లీ ఆకలి. తెలిసినవాళ్లు ఇచ్చిన అప్పడాల కట్ట ఒకటుంది. ఒక రేకు మీద నాలుగు అప్పడాలు కాల్చుకుని, ఒక కప్పు పాలతో తిని, మళ్లీ చదువు. పడుకోమని రూమ్మేట్ అంటే, తన దగ్గర తిండికి డబ్బూ లేదు, నిద్రకి టైమూ లేదు అన్నది ఆయన సమాధానం. మన వాళ్లు అమెరికా పెట్టెల్లో పచ్చళ్లూ పొడులూ సర్దుకోవడం చూసి ఇక నవ్వను.

డబ్బు అయిపోయినప్పుడల్లా ఉత్తరం నావల్‌కే. అడగడానికి సిగ్గుపడుతూ, క్షమాపణ చెప్పుకుంటూ అడిగేవారు. నావల్ పంపేవాడు. ఇక్కడ బొంబాయిలో రమాబాయి పిడకలు చేసుకుంటూ సంసారం లాగింది. ఆయన సొంత ఖర్చు గురించి ఇన్ని పుస్తకాల్లో రాశారు, ఆమె ఆ ఏళ్లు ఎలా గడిపిందో రెండు మూడు వాక్యాల కంటే ఎక్కడా దొరకలేదు. వాళ్లకి పుట్టిన ఐదుగురు పిల్లల్లో యశ్వంత్ ఒక్కడే బతికాడు. ఆమె 1935లో చనిపోయింది. ఆయన చదువుకి కట్టిన ఫీజు లెక్క వేస్తే అందులో ఆమె వాటా ఎక్కువని నాకనిపిస్తుంది.

1921లో ఎంఎస్సీ. ఆ తర్వాత బారిస్టర్. రూపాయి సమస్య మీద రాసిన డీఎస్సీ థీసిస్ బ్రిటిష్ పాలన మీద మరీ ఘాటుగా ఉందని వెనక్కి తిప్పారు. కొన్ని మార్పులతో మళ్లీ ఇచ్చారు, 1923లో డిగ్రీ వచ్చింది. కొలంబియా పీహెచ్‌డీ థీసిస్ 1925లో పుస్తకంగా వచ్చింది, సెలిగ్‌మన్ ముందుమాటతో. దాన్ని గాయక్వాడ్‌కి అంకితమిచ్చారు. పీహెచ్‌డీ చేతికొచ్చింది 1927లో. అదే సంవత్సరం మహాడ్‌లో వేలమందితో కలిసి చవదార్ చెరువు దగ్గరికి నడిచి దోసిలితో నీళ్లు తాగారు. అందరికీ తెలిసిన అంబేడ్కర్ అక్కడ మొదలవుతారు. రౌండ్ టేబుల్ సమావేశాలు, రాజ్యాంగ ముసాయిదా కమిటీ, న్యాయశాఖ, 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో బౌద్ధం, డిసెంబర్ 6న మరణం, అవన్నీ మనం చదువుకున్నవే. మన హైదరాబాద్‌తో ఒక లింక్ మాత్రం చెప్పాలి: 1953 జనవరిలో ఉస్మానియా యూనివర్సిటీ ఆయనకి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

అంతకు ఏడు నెలల ముందు, 1952 జూన్ 5న, కొలంబియా కూడా గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అరవై ఏళ్లు దాటాయి, ఆరోగ్యం బాగాలేదు, అయినా విమానంలో న్యూయార్క్ వెళ్లారు. ఎక్కువగా కలవాలనుకున్నది డ్యూయీని. తన ఆలోచనంతా ఆయన పెట్టిన భిక్ష అనుకునేవారు. అప్పటికి డ్యూయీకి తొంభై రెండేళ్లు, ఉండేది న్యూయార్క్‌లోనే. అంబేడ్కర్ ఇంకా దారిలో ఉండగానే, జూన్ 1న, డ్యూయీ చనిపోయారు. ఆ సంగతి ఢిల్లీలో ఉన్న భార్య సవితకి ఉత్తరంలో రాశారు. ఐదో తేదీన క్యాంపస్‌లో డిగ్రీ అందుకున్నారు, లివింగ్‌స్టన్ హాల్‌కి నాలుగు అడుగుల దూరంలో.